స్వానుభవము - చిత్రరచన : కేటె కోల్‌విట్జ్ చిత్రముల పరిశీలనము

ఆదికావ్యము పుట్టిన కథ తెలుగువారికి క్రొత్త కాదు. బోయవాని బాణమునకు క్రౌంచపక్షుల జంటలో ఒకటి నేలగూలెను. రెండవది విలపించెను. ఆ విలాపమును విన్న వాల్మీకిమహర్షి హృదయమున జనించిన శోకమే శ్లోకరూపమును దాల్చినదని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున చెప్పెను. దానికి వ్యాఖ్య వ్రాయుచు అభినవగుప్తుడు ఒక సూక్ష్మవిషయమును ప్రస్తావించెను. ఆ శోకము మునియొక్క సొంత శోకమని భావింపరాదని ఆయన మతము. అది సొంత దుఃఖమే యైనచో, దానిచే కుమిలిపోవువానికి కావ్యరచన పొసగదని ఆయన వాదము.

సిద్ధాంతముగా ఈ మాట సమంజసముగనే తోచును. కాని దానినుండి ఒక ప్రశ్న పుట్టును. జంటను కోల్పోయిన ఆ పక్షికే ఘంటము దొరకినచో ఏమగును? కన్నబిడ్డను పోగొట్టుకొన్న తల్లియే చిత్రకారిణి యైనచో, ఆమె వ్రాయు చిత్రము కళ యగునా, కన్నీరు మాత్రమే యగునా? భార్యావియోగమున విశ్వనాథ సత్యనారాయణగారు రచించిన 'వరలక్ష్మీ త్రిశతి' వంటి స్మృతికావ్యములను చదివినవారికి ఈ ప్రశ్న అపరిచితము కాదు. చిత్రకళలో ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా నిచ్చిన వ్యక్తి జర్మనీ దేశపు చిత్రకారిణి, శిల్పి కేటె కోల్‌విట్జ్ (1867-1945).

ఆమె చిత్రములను కాలక్రమమున పరిశీలించినచో ఒక విషయము స్పష్టపడును. ఒక సంఘటన జరిగినంతమాత్రమున అది చిత్రము కాజాలదు. ఒక్కొక్కప్పుడు చిత్రమునకు ఆ సంఘటన జరుగవలసిన పనియు లేదు. చిత్రకారుడు తన అనుభవమునుండి తనకు మాత్రమే చెందిన భాగమును ఎంత తొలగింపగలిగెనో, అంతమేరకే అది చూచువారికిని అనుభవమగును. ఈ తొలగింపు సులభమైన పని కాదు. కోల్‌విట్జ్‌కు ఒక్క శిల్పవిషయమున దీనికి 18 సంవత్సరములు పట్టెను.

బాల్యము

కేటె 1867 జూలై 8వ తేదీన తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ నగరమున జన్మించెను. ఆ నగరము నేడు రష్యాలో కలినిన్‌గ్రాడ్ అను పేర నున్నది. తండ్రి కార్ల్ ష్మిట్ న్యాయశాస్త్రము చదివెను. అయినను తన రాజకీయాభిప్రాయములకు ఆనాటి ప్రభుత్వసేవ పొసగదని తాపీపని నేర్చి గృహనిర్మాణవృత్తిని చేపట్టెను. మాతామహుడు యూలియుస్ రుప్ అధికారిక క్రైస్తవసంఘమునుండి వెలివడి, స్వతంత్రసమాజమును స్థాపించిన ఆచార్యుడు. నమ్మినదాని కొఱకు నష్టపడుట ఆ కుటుంబమున కొక ఆచారము వంటిది.

ఆ యింట పిల్లల మరణములును కలవు. కేటెకు ముందు పుట్టినవారిలో ఇరువురు పసితనముననే పోయిరి. అందరికంటె చిన్నవాడైన బెంజమిన్ యేడాది వయస్సున మెదడు పొరల వ్యాధితో మరణించెను. ఆ పిల్లవాడు జబ్బుపడియున్న నాటి దృశ్యమొకటి కేటె తన స్మృతులలో వ్రాసికొనెను. అందరు భోజనమునకు కూర్చుండిరి. తల్లి గిన్నెలలోనికి చారు వడ్డించుచుండెను. ఇంతలో దాది తలుపు తెరచి బిడ్డకు మరల వాంతియగుచున్నదని కేక వేసెను. తల్లి ఒక్క క్షణము కొయ్యబారి నిలిచెను. పిమ్మట వడ్డన కొనసాగించెను. అందరియెదుట ఏడ్వరాదని తల్లి పట్టిన పట్టు ఆ బాలికకు స్పష్టముగా తెలిసినది.

కోల్‌విట్జ్ చిత్రములలోని తల్లులను అర్థము చేసికొనుటకు ఈ దృశ్యము తాళపుచెవి వంటిది. ఆమె చిత్రించిన స్త్రీలు పెక్కుమంది గుండెలు బాదుకొనరు. వారి ముఖములు చేతులచాటునో, బిడ్డల మేనుచాటునో ఉండును. వీపు వంగుటలోను, చేతివ్రేళ్లు బిగియుటలోను వారి దుఃఖము కనబడును. ఏడ్వని తల్లిని చూచిన కన్నులే ఆ చేతులను చిత్రించినవి.

సౌందర్యము ముందు, జాలి తరువాత

1891లో కేటె కార్ల్ కోల్‌విట్జ్ అను వైద్యుని వివాహమాడెను. దంపతులు బెర్లిన్ నగరపు ఉత్తరభాగమున, కార్మికులు నివసించు పేటలో కాపురము పెట్టిరి. భర్త కార్మికుల ఆరోగ్యనిధికి సంబంధించిన వైద్యుడు. ఆయన వైద్యశాలకు వచ్చు స్త్రీలు ఆమెయొద్దకును వచ్చి కూర్చుండి తమ కష్టములను చెప్పుకొనెడివారు. భర్తల త్రాగుడు, పనిలేమి, పిల్లల రోగములు, ఆకలి ఇవియే వారి కథలు. 1892లో పెద్దకుమారుడు హాన్స్, 1896లో చిన్నకుమారుడు పీటర్ జన్మించిరి.

ఈ దినములను గూర్చి విమర్శకులు పలువురు ఒక పొరపాటు చేయుదురు. బీదలను చూచి జాలిపడి ఆమె బీదల చిత్రములు వ్రాసెనని చెప్పుదురు. కాని ఆమె స్వయముగా చెప్పిన మాట వేరు. మొదట ఆమెను ఆకర్షించినది జాలి కాదు, సౌందర్యము. కోనిగ్స్‌బర్గ్ రేవులో బరువులు మోయు కూలీల శరీరములలోని నిండుదనము, వారి కదలికలలోని ధారాళత ఆమెకు అందముగా తోచినవి. ధనికవర్గపు మనుష్యులు ఆమె కన్నులకు చప్పగా కనబడిరి. ఆ స్త్రీల బ్రతుకులు దగ్గరగా తెలిసిన పిమ్మటనే వారి భారము ఆమె మనస్సున కెక్కినది. కన్ను ముందు, గుండె తరువాత. కన్ను ముందుండుటచేతనే ఆమె చిత్రములు సానుభూతి ప్రకటనలుగా గాక చిత్రములుగా నిలిచినవి.

ఆమె రంగులను విడిచి రేఖను చేపట్టుటకు కూడ ఇట్టి కారణమే కలదు. చిత్రకారుడు మాక్స్ క్లింగర్ వర్ణచిత్రమునకును రేఖాచిత్రమునకును గల భేదమును గూర్చి వ్రాసిన గ్రంథమును ఆమె యౌవనమున చదివెను. జీవితపు చీకటివైపును చూపుటకు రేఖయే తగిన సాధనమని క్లింగర్ అభిప్రాయము. ఆమెకు అది తన మార్గముగా తోచెను. అంతేకాక, అచ్చు తీయదగిన చిత్రము ఒక్కని గోడకు పరిమితము కాదు. అది పలువురి చేతికి చేరును.

1893లో గేర్హార్ట్ హౌప్ట్‌మన్ వ్రాసిన 'నేతగాండ్రు' అను నాటకమును ఆమె చూచెను. 1844లో సైలీసియా ప్రాంతపు నేతపనివారు ఆకలికి తాళలేక తిరుగబడిన కథ అది. ఆ ప్రేరణతో 1893-97 సంవత్సరముల నడుమ ఆమె ఆరు చిత్రముల మాలిక నొకదానిని రచించెను. 1898లో అది బెర్లిన్‌లో ప్రదర్శితమయ్యెను. వృద్ధచిత్రకారుడు మెంత్సెల్ ఆమెకు స్వర్ణపతక మీయవలెనని సూచించెను. చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ అందుల కంగీకరింపలేదు. ఆ మాలికలోని మొదటి చిత్రము పేరు 'దారిద్ర్యము'. ఇరుకుగదిలో మగ్గము. ముందు పడకపై చిక్కిన పసిబిడ్డ. తల పట్టుకొని వంగిన తల్లి. నాటకము నేతవారిదే గాని, ఆ తల్లి భర్త వైద్యశాలలో ఆమె యెదుట కూర్చున్న తల్లియే.

జరుగని దుఃఖము

1903లో ఆమె 'చనిపోయిన బిడ్డతో స్త్రీ' అను చిత్రమును వ్రాసెను. ఇది రాగిరేకుపై చేసిన ముద్రణచిత్రము. రేకుపై మైనము పూత వేసి, సూదితో గీసి, ఆమ్లమున ముంచినచో గీచిన చోట లోతు పడును. ఆ లోతులలో సిరా నింపి కాగితముపై ఒత్తుదురు. వెండ్రుకంత సన్నని గీతలతో మాంసపు బరువును, ఎముకల గట్టిదనమును చూపుట కిది అనువైన పద్ధతి.

చిత్రమున ఒక స్త్రీ దిగంబరముగా నేలపై కూర్చుండి, మడచిన కాళ్ల నడుమ చనిపోయిన పిల్లవానిని ఇముడ్చుకొని, వాని రొమ్మున ముఖము దూర్చియున్నది. వాని తల వెనుకకు వ్రాలియున్నది. గది లేదు, పడక లేదు, దీపము లేదు. ఆమె ఏ కులమో ఏ దేశమో తెలియదు. బిడ్డను మరల తన కడుపులోనికి తీసికొనవలెనని చూచు జంతువు వలె నున్నది. తెలుగున 'కడుపుకోత' అను మాట కలదు. ఆ మాటకు ఇంతకంటె సూటియైన చిత్రము దొరకుట అరుదు.

ఈ చిత్రమునకు నమూనాలు ఎవరు? ఏడేండ్ల పీటర్‌ను చేతిపై పరుండబెట్టుకొని, అద్దమునెదుట కూర్చుండి ఆమె తన్ను తానే చిత్రించుకొనెను. బరువు మోయలేక ఆమె మూలిగెను. చిత్రము చాల అందముగా వచ్చునులెమ్మని ఆ పసివాడు తల్లిని ఓదార్చెను. ఆ ముద్రణను ప్రదర్శనశాలలో హఠాత్తుగా చూచిన ఆమె స్నేహితురాలు పీటర్‌కు ఏమైనదో అని బెదరిపోయెను. పీటర్‌కు ఏమియు కాలేదు. అతడు ఆరోగ్యముగా నుండెను.

పదునొకండేండ్ల పిమ్మట ఆ పీటరే మరణించెను గావున, ఈ చిత్రమును జోస్యముగా వర్ణించుట కొందరికి అలవాటైనది. అది సరి కాదు. కళకు భవిష్యత్తు తెలియదు. ఆమెకు తెలిసినది తన తల్లి చేతిలోని గరిటె ఒక్క క్షణము ఆగుట. భర్త వైద్యశాలలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు ఎందరో ఆమెకు తెలియును. ఒడిలోని బిడ్డ బరువు తెలియును. చూచినది, విన్నది, భయపడినది, మూడును కలసి ఆ చిత్రమైనవి. ఈ చిత్రము వ్రాయునప్పుడు ఆమె అభినవగుప్తుడు చెప్పిన ముని స్థానమున నుండెను. దుఃఖము ఇతరులది, హృదయము తనది. కావుననే చేయి వణకలేదు.

ఈ నేర్పు 1907 నాటి 'యుద్ధభూమి' అను చిత్రమున మఱింత కుదిరినది. 1524-25లో జర్మనీ రైతులు చేసిన తిరుగుబాటును గూర్చి ఆమె రచించిన ఏడు చిత్రములలో ఇదియొకటి. రాత్రివేళ శవముల నడుమ ఒక తల్లి లాంతరు పట్టుకొని కొడుకును వెదకుచున్నది. ఆమె చేయి ఒక యువకుని గడ్డమును తాకుచున్నది. చిత్రమంతయు చీకటి. ఆ చేతిపైనను, ఆ ముఖముపైనను మాత్రమే కొలదిపాటి వెలుగు.

జరిగిన దుఃఖము

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. పీటర్‌కు అప్పుడు 18 సంవత్సరములు. స్వచ్ఛందసైనికుడుగా చేరుటకు అతనికి తండ్రి యనుమతి కావలసియుండెను. తండ్రి నిరాకరించెను. కుమారుడు తల్లి ముఖము చూచెను. తల్లి లేచి భర్తను ఒప్పించెను. అక్టోబరు 22వ తేదీ రాత్రి బెల్జియములోని డిక్స్‌మ్యూడె సమీపమున పీటర్ మరణించెను.

తాను పలికిన ఆ సిఫారసు మాటయే ఆమె గుండెలో ముల్లైనది. 1903 నాటి తల్లి చేతినుండి బిడ్డను మృత్యువు లాగికొనినది. 1914 నాటి తల్లి తన చేతులతోనే ఇచ్చినది. ఈ భేదము ఏ ఊహకును అందినది కాదు.

అదే సంవత్సరము డిసెంబరులోనే ఆమె కుమారుని స్మారకచిహ్నమును తలపెట్టెను. మొదటి ఊహలో పీటర్ నేలపై పరుండియుండగా తలయొద్ద తండ్రి, పాదములయొద్ద తల్లి ఉండిరి. పని సాగలేదు. చేసినది కూల్చుట, మరల చేయుట, మరల ఆపుట. 1919లో దానిని విడిచిపెట్టి, కొన్నియేండ్లకు మరల చేపట్టెను. కడపట 1932లో ఆ శిల్పములు బెల్జియములో పీటర్ సమాధియున్న స్థలమున నిలువబడినవి. పీటర్ బ్రతికిన యేండ్లెన్నియో, ఆ శిల్పములకు పట్టిన యేండ్లును అన్నియే.

ఆ 18 ఏండ్లలో జరిగినదేమి? రాతిలో నిలిచినదానిని మొదటి ఊహతో పోల్చినచో తెలియును. పీటర్ లేడు. అతని ముఖము లేదు, సైనికవేషము లేదు, వీరమరణపు గుర్తు లేదు. మోకరిల్లిన తల్లి, మోకరిల్లిన తండ్రి వేరువేరు దిమ్మెలపై నున్నారు. తండ్రి నిటారుగా నుండి తన చేతులతో తన్నే బిగబట్టుకొనియున్నాడు. తల్లి ముందునకు వంగియున్నది. వారి ముఖములలో కార్ల్, కేటెల పోలికలు కలవు. వారి యెదుట నున్నవి పలువురి సమాధులు. పిదప ఆ సమాధులను వ్లాడ్‌స్లో అను చోటికి మార్చినప్పుడు శిల్పములును అచ్చటికి చేరినవి. 25 వేలకు పైగా సైనికులు ఆ శ్మశానమున నిద్రించుచున్నారు. కుమారుని రూపమును తొలగించుటచేతనే ఆ తలిదండ్రులు అందరికిని తలిదండ్రులైరి. మిక్కిలి ప్రియమైన ముఖమును శిల్పమునుండి తానే చెరపివేయుట ఏ తల్లికైనను రెండవ మరణము వంటిది. అందుకే అంతకాలము పట్టినది.

నలుపు మిగులు చిత్రములు

ఈ మధ్యకాలముననే 'యుద్ధము' అను ఏడు చిత్రముల మాలిక వెలువడినది. దీనికి ఆమె మొదట రాగిరేకును, రాతిని ప్రయత్నించి తృప్తిపడలేదు. 1920లో ఎర్న్స్ట్ బార్లాఖ్ చేసిన దారుముద్రణములను చూచి, తానును చెక్కను చేపట్టెను. మచిలీపట్నపు అద్దకపు పనిలోని అచ్చుదిమ్మెలను చూచినవారికి ఈ పద్ధతి సులభముగా తెలియును. తొలచిన భాగము తెల్లగా పోవును. తొలవక మిగిలిన భాగము రంగు పట్టును. ఇందులో సన్నని ఛాయలకు చోటు లేదు. ఉన్నచో నలుపు, లేనిచో తెలుపు.

1903 నాటి చిత్రమున చర్మము, ఎముక, వెండ్రుక అన్నియు కనబడుచుండగా, ఈ మాలికలో అవి లేవు. శోకము కొడుకును పోగొట్టుకొన్న తల్లికి స్వయముగా తెలిసిన పిమ్మట వివరములు పెరుగవలసినదిగా తోచును. కాని తగ్గినవి. చూచి వ్రాయువానికి వివరము కావలెను. భరించి వ్రాయువానికి వివరము అడ్డు. ఉలి పట్టి ఆమె చెక్కనుండి కోసి పారవైచినది ఆ అడ్డునే.

మొదటి చిత్రము పేరు 'బలి'. ఒక స్త్రీ కనులు మూసికొని పసిబిడ్డను చేతులపై ముందునకు చాచి అర్పించుచున్నది. ఆమె చుట్టును నల్లని వస్త్రము. 1914లో భర్తయెదుట తాను చేసిన పని ఏమో ఆమె ఇచ్చట ఒప్పుకొనెను. అయినను ఆ స్త్రీకి కేటె అను పేరు లేదు. ఆ బిడ్డ పదునెనిమిదేండ్ల యువకుడు కాడు. తల్లికి కొడుకు ఎన్నియేండ్లవాడైనను పసివాడే గదా! రెండవ చిత్రము 'స్వచ్ఛందసైనికులు'. మృత్యువు డప్పు వాయించుచు ముందు నడచుచున్నది. నోళ్లు తెరచిన యువకులు దానివెంట పరుగిడుచున్నారు. మృత్యువునకు ప్రక్కగా నున్నవాడు పీటర్. మూడవది 'తలిదండ్రులు'. తండ్రి ఒక చేత ముఖము కప్పుకొని, రెండవచేత తనపై కూలిన భార్యను పట్టుకొనియున్నాడు. ఇద్దరును ఒకే నల్లని దిమ్మెవలె నున్నారు. తరువాతి రెండును 'వితంతువు' అను పేరుగల చిత్రములు. పిదప 'తల్లులు', చివర 'ప్రజలు'.

ఈ మాలికలో ఫిరంగి లేదు, శత్రువు లేడు, రణరంగము లేదు. యుద్ధమును ఆమె చూచినది ఇంటినుండియే. చూడనిదానిని ఆమె చిత్రింపలేదు. స్వానుభవమునకు కట్టుబడుట యనగా ఇదియే.

'తల్లులు' అను చిత్రము ప్రత్యేకముగా గమనింపదగినది. కొందరు స్త్రీలు ఒకరి భుజములపై ఒకరు చేతులు వేసి, కోటగోడవలె గుమిగూడి, నడుమ పిల్లలను దాచుకొనియున్నారు. 1919లో ఇదే విషయమును శిలాముద్రణముగా వ్రాసినప్పుడు, తన యిద్దరు కొడుకులను కౌగిలించుకొన్న తల్లిగా ఆమె తన్నే అందు చిత్రించుకొనెను. దారుముద్రణమున ఏ తల్లి తానో గుర్తుపట్టుట కష్టము. తెలుగుపల్లెలలో చావు జరిగిన యింటికి ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి శోకములు పెట్టుట అందరెరిగినదే. పోయినది ఒక యింటివాడు. కాని ప్రతి స్త్రీయు తన యింట పోయినవారిని తలచుకొని ఏడ్చును. ఆ యేడ్పులో ఎవరి దుఃఖము ఎవరిదో విడదీయలేము. ఆలంకారికులు సాధారణీకరణమని పేర్కొన్నది ఆ చావింటి అరుగుమీద ప్రతిదినము జరుగుచున్నది. కోల్‌విట్జ్ చిత్రమున తల్లులు చేసినదియు అదియే.

మరల జరుగని దుఃఖము

1919లో ఆమె ప్రష్యా కళాపరిషత్తునకు ఎన్నికైన తొలి మహిళయయ్యెను. 1933లో నాజీలు అధికారమునకు రాగా ఆ పదవిని విడువవలసి వచ్చెను. క్రమముగా ఆమె చిత్రములు ప్రదర్శనలనుండి తొలగింపబడినవి. 1934-37 సంవత్సరములలో 'మృత్యువు' అను ఎనిమిది శిలాముద్రణముల మాలికను రచించెను. దాని చివరి చిత్రమున ఒక వృద్ధ కూర్చుండియున్నది. చిత్రపు అంచునుండి ఒక చేయి వచ్చి ఆమె భుజమును తాకుచున్నది. ఆ వృద్ధ కేటెయే. ఆమె ముఖమున భయము లేదు, ఎవరో పరిచితుడు పిలిచినట్లున్నది.

జీవితకాలమున ఆమె నూరింటివరకు స్వీయచిత్రములు రచించెను. ఇది ఆత్మాభిమానమున జరిగినది కాదు. నమూనాలకు అలసట కలుగును, వారికి వేరొక పని యుండును. తన ముఖము మాత్రము ఎల్లప్పుడును అందుబాటులో నుండును. దానిని పరాయిముఖము వలె చూచుట ఆమెకు సాధనయయ్యెను. ఈ సాధన లేనిదే ఆ శిల్పములును, ఆ దారుముద్రణములును సాధ్యము కావు.

చివరి శిలాముద్రణము 1942 నాటిది. విత్తనపుగింజలను దంచరాదని దాని పేరు. అది గేటె మహాకవి మాట. 1918లో రిఖార్డ్ డేమెల్ అను కవి మిగిలిన యువకులుకూడ యుద్ధమునకు పోవలెనని పిలుపు నిచ్చినప్పుడు, ఆమె పత్రికాముఖమున సమాధానము చెప్పుచు ఈ మాటనే వాడెను. చిత్రమున ఒక ముసలి తల్లి రెండు చేతులు చాచి ముగ్గురు పిల్లలను తన పైవస్త్రము క్రింద అదిమిపట్టియున్నది. పిల్లలు బయటికి తొంగిచూచుచున్నారు. 'బలి' చిత్రములోని తల్లి చాచిన చేతులే ఇవి. ఆనాడు ఇచ్చుటకు చాచినవి, ఈనాడు ఈయకుండుటకు చాచినవి. ఇరువది సంవత్సరముల పశ్చాత్తాపము ఆ చేతుల భంగిమలోని మార్పున నిలిచియున్నది.

అదే సంవత్సరము సెప్టెంబరులో, పీటర్ పేరే పెట్టుకొన్న మనుమడు రష్యా యుద్ధరంగమున మరణించెను. మరల చిత్రము ముందు, సంఘటన తరువాత. భర్త 1940లోనే పోయెను. 1943 నవంబరులో బాంబుదాడికి వారి బెర్లిన్ ఇల్లు నేలమట్టమయ్యెను. 1945 ఏప్రిల్ 22వ తేదీన, యుద్ధము ముగియుటకు రెండు వారములకు పైబడి యుండగా, ఆమె డ్రెస్డెన్ సమీపమున మోరిట్స్‌బర్గ్‌లో కన్నుమూసెను.

ఒక ఆక్షేపణ

కోల్‌విట్జ్ చిత్రములపై ఆక్షేపణలు లేకపోలేదు. ఎంతసేపు చూచినను శోకమే గాని వేరొక రసము లేదనువారు కలరు. తల్లియు బిడ్డయు నవ్వుచున్న రేఖాచిత్రములు ఆమెవి కలవు గాని, అవి లోకమున అంతగా ప్రచారము కాలేదు. కరుణమే ఏకైక రసమని భవభూతి పలికించిన సంస్కృతసాహిత్యము నెరిగినవారికి ఇదియొక దోషముగా తోచదు. ప్రచారపత్రములుగా ఆమె వ్రాసిన కొన్ని చిత్రములు మాత్రము ఆనాటి అవసరమునకు మించి నిలువలేదనుట ఒప్పుకొనదగినదే.

ఇంతకంటె గట్టి ఆక్షేపణ ఆమె మరణానంతరము కలిగినది. 1937-38లో ఆమె చనిపోయిన కొడుకును ఒడిలో నుంచుకొన్న తల్లి శిల్పమొకటి చేసెను. అది మూరకంటె చిన్నది. 1993లో జర్మనీ ప్రభుత్వము దానిని అనేకరెట్లు పెంచి పోతపోయించి, బెర్లిన్‌లోని 'నోయె వాఖె' భవనమున యుద్ధమునకును నిరంకుశత్వమునకును బలియైనవారందరికి స్మారకముగా నిలిపినది. చంపినవారిని, చంపబడినవారిని ఒకే తల్లి ఒడిలో చేర్చుట తగునా యని పలువురు నిరసించిరి. ఆ నిరసనలో న్యాయము కలదు. ఒక తల్లి దుఃఖము పలువురి దుఃఖమగుట వేరు, దానిని పలువురిదిగా ప్రకటించుట వేరు. మొదటిది కళాకారిణి తన యనుభవమును ఏండ్లతరబడి అరగదీసి సాధించినది. రెండవది కొలత పెంచుటచే మాత్రమే సాధింపజూచినది. పెద్దదగుట, అందరిది యగుట ఒకటి కావు.

ఉపసంహారము

మొదట ఎత్తుకొన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. దుఃఖముచే తపించిపోవువానికి కావ్యరచన సాధ్యము కాదన్న అభినవగుప్తుని మాట అబద్ధము కాదు. 1914నుండి ఎన్నియో యేండ్లు ఆ శిల్పము ఆమె చేతికి లొంగకపోవుటయే దానికి సాక్ష్యము. అయినను సొంత శోకము ఎన్నటికిని కళ కాజాలదని దాని అర్థము కాదు. క్రౌంచిని చూచినంతనే మునికి శ్లోకము కలిగినది. క్రౌంచి స్వయముగా శ్లోకము చెప్పవలెనన్నచో, ముందుగా అది తన దుఃఖమును తాను దూరమునుండి చూడగల ముని కావలెను. కోల్‌విట్జ్ అట్లు కాగలిగెను. తన ముఖమును అద్దములో పరాయిదానివలె చూచుట నేర్చెను. తన తప్పును పేరులేని స్త్రీకి ఇచ్చెను. కుమారుని ముఖమును రాతినుండి తొలగించెను. అప్పుడు మిగిలినది ఒక భంగిమ, ఒక చేయి, ఒక వంగిన వీపు. వాటిని చూచి ఏ దేశపు తల్లియైనను తన బిడ్డను తలచుకొనును.

ఆ చిత్రములకు జర్మను భాష తెలియనక్కరలేదు. కడుపుకోత యను మాట తెలుగువారి నోట నున్నంతకాలము వాటికి వేరొక వ్యాఖ్యానమును అక్కరలేదు.